ఎస్కేప్ నొక్కిన తరువాత

నేను మెట్లెక్కి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. టీ గ్లాసులు పట్టుకుని ఆఫీసు వరండాలో నిలబడ్డవాళ్ళంతా ఒకేసారి వీధివైపు చూడడం మొదలుపెట్టారు. వీధిలో చూడడానికి ఏమీ లేదు. ఒక రిక్షా, ఎండ, అంతే.

"ఏమిటి విశేషం?" అన్నాను.

"ఏం లేదండీ, ఉక్కగా ఉందని అనుకుంటున్నాం" అంది ప్లాటరు మీద డ్రాయింగులు తీసే ఆవిడ.

బందరులో ఉక్క గురించి మాట్లాడుకోవడానికి ఎవరూ గొంతు తగ్గించరు. సంగతి నా గురించేనని అప్పుడే అనిపించింది.

ఈమధ్య డ్రాఫ్టింగు నేర్చుకునే పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. పని తొందరగా తెమిలే షార్ట్‌కట్లు చెప్పమంటారు. తెలిసినవి చెప్తాను. వాటితోపాటు ఈ కథ కూడా చెప్తాను. దీని దగ్గరికి వచ్చేసరికి సగంమంది ఫోను చూసుకుంటారు. మిగిలిన సగం కోసం ఇప్పుడు రాసిపెడుతున్నాను.

అది తొంభైల చివరి మాట. మాది సర్వేలు చేసి ప్లాన్లు గీసిచ్చే చిన్న ప్రైవేటు ఆఫీసు. యజమాని గవర్నమెంటు కొలువు చేసి రిటైరైన ఇంజినీరుగారు. కోపం వచ్చినా గొంతు పెంచని మనిషి. ఎంత కోపంగా ఉంటే అంత మెల్లగా మాట్లాడేవారు. నేను చాలా ఏళ్ళు అక్కడ బల్లమీదే గీశాను. ట్రేసింగు కాగితం, ఇంకు పెన్ను, తప్పు పోతే గీకడానికి బ్లేడు. తరువాత కంప్యూటర్లు వచ్చాయి. బల్లలు మేడమీది గదిలోకి వెళ్ళాయి. నా వయసువాళ్ళు కొందరు వాటితోపాటే వెళ్ళిపోయారు, ఇళ్ళకి.

నేను వెళ్ళలేదు. మొదట్లో మౌసు పట్టుకోవడమే చేతయ్యేది కాదు కాని, ఒక్క సంగతి నన్ను ఆ తెరకు కట్టేసింది. అది స్నాప్. తెరమీద గీత కొస దగ్గరికి మౌసు బాణాన్ని తీసుకెళ్తే అక్కడ ఒక చిన్న పసుపు చదరం వెలుగుతుంది. అది వెలిగినప్పుడు నొక్కితే కొత్త గీత సరిగ్గా పాత గీత కొసనుంచే మొదలవుతుంది. వెంట్రుకవాసి తేడా ఉండదు. పెడనలో అద్దకం వేసేవాళ్ళు రెండో అచ్చు మూలను మొదటి అచ్చు మూలకు కలపడం చూశారా? ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా అక్కడ ఊపిరి బిగపట్టాలి. బల్లమీద మా పనీ అంతే. స్నాప్ వచ్చాక ఊపిరి బిగపట్టే పని తప్పింది.

ఆ తరువాత మా ఆఫీసుకి గుడివాడ నుంచి ఒకాయన వచ్చి చేరాడు. ముప్పై ఏళ్ళుంటాయి. రోజూ పామర్రు మీదుగా బస్సులో వచ్చి వెళ్ళేవాడు. కంప్యూటరుకి కొత్త ఆజ్ఞలు నేర్పడం ఆయనకి వచ్చు. మేము పదిసార్లు నొక్కి చేసే పనిని రెండక్షరాల్లో చేసే కమాండులు తయారుచేసి పెట్టాడు. కాలువ మధ్యగీత గీసి, GT అని కొట్టి, వెడల్పు చెప్తే చాలు, రెండువైపులా గట్ల గీతలు వాటంతటవే పడేవి. GT అంటే గట్టు. మురుగు కాలువల పనులు మాకు ఎక్కువ కాబట్టి ఆ కమాండు వచ్చాక నెలలు పట్టే పని వారాల్లోకి వచ్చింది. ఇంజినీరుగారు వచ్చినవాళ్ళందరికీ ఆయన్ని చూపించేవారు. నన్ను చూపించడం మానేశారు. ఆ సంగతి నాకు పట్టలేదని చెప్తే మీరు నమ్మరు. పట్టింది. కాని మనిషిమీద కోపం లేదు. నన్ను "గురువుగారూ" అని పిలిచేవాడు. ఇంటినుంచి తెచ్చిన పచ్చడి నా డబ్బాలో కూడా వేసేవాడు.

అలాంటప్పుడు దివిసీమ పని వచ్చింది. అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె. దాని పక్కనుంచి సముద్రానికి పోయే మురుగు కాలువ పూడిపోయి, వాన పడితే నీళ్ళు పోక చేలు రోజుల తరబడి మునిగి ఉండేవి. కాలువ వెడల్పు చేయాలన్నారు. షరతు ఒక్కటే. ఇప్పుడున్న కాలువ మధ్యనుంచి రెండువైపులా సమానంగా తియ్యాలి. ఎడమగట్టువాళ్ళు ఎంత పోగొట్టుకుంటే కుడిగట్టువాళ్ళూ అంతే. ఊరివాళ్ళంతా ఆ మాటమీదే ఒప్పుకున్నారు. సర్వేవాళ్ళు కొలిచి తెచ్చిన కొలతలతో ప్లాను గీసింది నేను.

కుడిగట్టున ఉన్న చేలల్లో మా బావదొకటి. మా అక్క మొగుడు. అక్కని ఆ ఊరికిచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఈ సంగతి ఇంజినీరుగారికి నేను చెప్పలేదు. దాచాలని కాదు. బందరులో ఉద్యోగం చేసేవాడికి దివిసీమలో చుట్టం ఉండడం చెప్పుకోదగ్గ విషయంగా తోచలేదు.

ప్లాను వెళ్ళింది. దాని ప్రకారం హద్దురాళ్ళు పాతారు. పాతిన వారానికి ఎడమగట్టు నుంచి ఒక పెద్దాయన మా ఆఫీసుకి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో గొడుగు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇంజినీరుగారూ, నాకు చదువు లేదండీ. చిన్న అనుమానం. రెండుపక్కలా సమానం అన్నారు. మా పక్క రాయి నా చేలో మనిషి నిలువునా లోపలికొచ్చింది. అవతలి పక్క రాయి పాత గట్టు దిగనేలేదు. సమానం అంటే బందర్లో ఏదైనా వేరే లెక్కుందాండీ?"

"రాళ్ళు పాతేటప్పుడు పొరపాటు జరిగి ఉండొచ్చు. చూపిస్తాను" అన్నారు ఇంజినీరుగారు.

"రాళ్ళు పాతినాయన ప్లానులో ఉన్నట్టే పాతాను అంటున్నాడండీ." ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఇంకోటి. మా కుడిగట్టాయన బావమరిది తమ దగ్గరే గీస్తాడంటగా. ఆయన పేరు నేను అడగను. తమకి తెలిస్తే చాలు."

గదిలో ఉన్నది మేము ముగ్గురం. ఇంజినీరుగారు నావైపు తిరిగారు. నేను తల ఊపాను. ఇంకేం చెయ్యగలను?

పెద్దాయన వెళ్ళాక ఇంజినీరుగారు చాలా మెల్లగా అడిగారు. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలని తోచలేదు సార్."

"తోచలేదు" అని ఆ మాటని మళ్ళీ ఆయనే అన్నారు. మధ్యాహ్నం నేను కుర్చీలోకి వచ్చేసరికి దివిసీమ ఫైళ్ళు నా కంప్యూటర్లో తెరుచుకోలేదు. పాస్‌వర్డు పెట్టించారు. పెట్టింది గుడివాడాయన. ఇంజినీరుగారిని బతిమాలి ఆయన ఎదురుగానే ఒకసారి తెరిచి చూశాను. పెద్దాయన మాట నిజమే. నేను గీసిన మధ్యగీత ఒకచోట కాలువ నడుమనుంచి ఎడమకి జరిగి ఉంది. మధ్యగీత జరిగితే దానికి రెండువైపులా పడే గట్లూ జరుగుతాయి. GT తన పని తప్పులేకుండా చేసింది, తప్పు గీతకి.

నేను అలా గీయలేదు. నాకు తెలుసు. సర్వే కొలతలతో తెరమీద పడ్డ గుర్తుల కొసలు పట్టుకుని, ఒక్కొక్కటే కలుపుకుంటూ వెళ్ళాను. మరి ఎవరు జరిపారు?

ఆ ప్రశ్న పుట్టాక నా బుర్రలో ఇంక వేరే ఏదీ మిగల్లేదు. ఆఫీసులో ఎవరి కంప్యూటరు మీదనైనా ఎవరైనా కూర్చునే రోజులవి. ఫైలు తెరిచి ఒక గీత అటు నెట్టి మూసేయడానికి ఎంతసేపు? అది తెలిసిన మనిషి నా లెక్కలో ఒక్కడే, గుడివాడాయన. నాకు బావ ఉన్నాడని ఎడమగట్టుకి చేరవేసింది కూడా ఆయనే అయివుండాలి, ఒకసారి భోజనాల దగ్గర అక్క ఊరి మాట ఎత్తాను కాబట్టి. పచ్చడి వేసే చెయ్యి గోతులు కూడా తవ్వుతుందా అనుకున్నాను. మర్నాటినుంచి ఆయన పచ్చడి వేస్తుంటే డబ్బా మూత పెట్టుకున్నాను.

వరండాలో నన్ను చూసి అందరి మాటలూ ఆగిపోయింది ఆ రోజుల్లోనే. ఆయనా నన్ను చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. నేను లేచి నీళ్ళకి వెళ్తే ఆయన తెర ఆపేసేవాడు. నేను ప్లాటరు గదిలోకి వెళ్తే ఏదో పని కల్పించుకుని వెనకాలే వచ్చేవాడు. ప్లాటరు ఆవిడ ఒకరి మాటలు ఒకరికి మోసేది కాదు కాని, ఎవరు మాట్లాడినా రెండోవాళ్ళ మొహం చూసేది. అది మోయడంకన్నా హీనంగా ఉండేది.

ఒకరోజు సాయంత్రం పని ముగిశాక బస్టాండు దాకా ఆయన వెనకాలే నడిచాను. గుడివాడ బస్సు ఇంకా రాలేదు.

"ఒక్కమాట అడుగుతాను. ఆ ఫైలు మీరు తెరిచారా?" అన్నాను. అంతకుముందు "నువ్వు" అనేవాణ్ణి.

"మీరలా అడుగుతారని అనుకుంటూనే ఉన్నానండీ. తెరవలేదు. నేనూ ఒకటి అడగనా?"

"అడగండి."

"మీ బావగారి కోసం చేశారా? చేస్తే చెప్పెయ్యండి. నా కమాండులోనే తప్పుందని ఇంజినీరుగారితో అంటాను. పోయేది నా పేరేగా."

అది మంచితనమో, నన్ను ఒప్పించడానికి వేసిన ఎరో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళ తరువాత ఆలోచించినా తెలియదు. "నేను చెయ్యలేదు" అన్నాను. "సరేనండీ" అన్నాడు. ఆ "సరే" అన్న తీరులో నమ్మకం లేదు. బస్సు వచ్చింది, ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని కూడా ఇటు చూడలేదు.

ఆదివారం దివిసీమ వెళ్ళాను. అక్క వీధి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, ఆవేళ చుట్టూ చూసి లోపలికి రమ్మంది.

"పక్కింటావిడ నాతో మాట్లాడి పదిరోజులైందిరా. బావి దగ్గర నేను చేద వేస్తే వాళ్ళు తీసేస్తున్నారు."

"నువ్వు నమ్మావా అక్కా?"

"నేనెందుకు నమ్ముతాను" అంది. అని, మంచినీళ్ళు ఇచ్చి, నేను తాగేదాకా ఊరుకుని, "చెయ్యలేదుగా?" అంది.

బావ పొలంనుంచి వచ్చాడు. నన్ను చూసి భుజం తట్టాడు. "ఏమోయ్ బావమరిదీ, ఊళ్ళో నీ పేరు మోగిపోతోంది" అన్నాడు.

"నేను ఆ ఆఫీసులో గీస్తానని ఊళ్ళో ఎవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు, నేనే చెప్పాను. సర్వే జరిగేటప్పుడు టీకొట్టు దగ్గర అందరూ భయపడుతుంటే, మావాడే గీసేది, మీకేం భయం లేదన్నాను. తప్పా?"

గుడివాడాయన మీద నేను కట్టిన అనుమానంలో సగం గోడ అక్కడే కూలిపోయింది. మిగతా సగాన్ని బావ ఇంకో రకంగా కూల్చాడు. అక్క వంటింట్లోకి వెళ్ళాక దగ్గరికి జరిగి, "చేస్తే చేశావు, నాకొక్క మాట చెప్పాల్సింది. మరీ అంత పక్కకి లాగకుండా, చూసీచూడనట్టు లాగమనేవాణ్ణి" అన్నాడు.

"బావా, నేను చెయ్యలేదు."

"సర్లే" అన్నాడు. అచ్చం బస్టాండులో విన్న "సరే" లాగే ఉంది.

శత్రువు అనుమానిస్తే ఏదో ఒకటి తిట్టుకుని ఊరుకుంటాం. నా మేలు కోరినవాళ్ళు, నేను తప్పు చేశానని నమ్మి, ఆ తప్పుకి నన్ను మెచ్చుకుంటుంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. భోజనం చెయ్యకుండా బస్సెక్కాను. అక్క ఆపలేదు.

మర్నాడు ఇంజినీరుగారి ముందు నిలబడి, "సార్, ఆ పెద్దాయన్ని పిలిపించండి. ఆయన కళ్ళముందే ఆ కాలువంతా మళ్ళీ మొదట్నుంచి గీస్తాను. ఎక్కడ తప్పు చేస్తానో ఆయన్నే చూడమనండి" అన్నాను. ఇంజినీరుగారు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం నా మీద దయ చేత కాదని తెలుసు. ఆఫీసు పేరు పోతోంది.

పెద్దాయన చెప్పిన రోజున పొద్దున్నే వచ్చాడు. వెంట ఎడమగట్టుకే చెందిన ఇంకొకాయన. ఇంజినీరుగారు నా వెనకాల కుర్చీలు వేయించారు. గుడివాడాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నా వీపుమీద ఇన్ని కళ్ళు ఎప్పుడూ పడలేదు.

మొదలుపెట్టాను. కాలువ పొడుగునా సర్వే గుర్తులు నల్లటి తెరమీద చిన్నచిన్న అడ్డగీతల్లా ఉన్నాయి. ఒక్కొక్కదాని కొస దగ్గరికి వెళ్తే పసుపు చదరం వెలగడం, నొక్కడం, మధ్యగీత ముందుకి సాగడం. కొంతదూరం గీశాక GT. గట్లు పడ్డాయి. మళ్ళీ మధ్యగీత. మళ్ళీ GT. పెద్దాయన ఊపిరి నా చెవి పక్కనే వినబడుతోంది. అంత ముందుకి వంగి చూస్తున్నాడు.

గొడవపడ్డ చోటు దాకా వచ్చాం. GT కొట్టాను. వెడల్పు అడిగింది. అంతలో ఇంజినీరుగారు, "ఆగు, ఇక్కడ వెడల్పు మారుతుంది కదా, కొలతలు చూడు" అన్నారు. సగంలో ఉన్న కమాండుని ఎస్కేప్ నొక్కి ఆపేశాను. కొలతలు చూశాను. వెడల్పు అక్కడ మారదు, ఇంకొంచెం ముందుకి వెళ్ళాక మారుతుంది. అయితే ముందు మధ్యగీత అక్కడిదాకా తీసుకెళ్దామని మళ్ళీ గీయడం మొదలుపెట్టాను. ఒక గుర్తు, రెండో గుర్తు.

"ఏమయ్యా, ఆగు" అన్నాడు పెద్దాయన.

ఆగాను.

"ఇందాకట్నుంచి చూస్తున్నా. నువ్వు నొక్కినప్పుడల్లా పసుప్పచ్చగా ఒక గడి వస్తోంది. ఇప్పుడు రెండుసార్లు నొక్కావు, రాలేదు. అదెందుకు తీసేశావు?"

"నేనేం తియ్యలేదండీ" అంటూ బాణాన్ని గుర్తు కొసకి తీసుకెళ్ళాను. చదరం వెలగలేదు. ఇంకో కొసకి తీసుకెళ్ళాను. అక్కడా లేదు. గోడ దగ్గరనుంచి గుడివాడాయన ఒక్క అడుగు ముందుకి వేశాడు.

ఇప్పుడు గీసిన గీతని పెద్దదిగా చేసి చూశాను. దూరంనుంచి చూస్తే సరిగ్గా గుర్తుమీదే ఉన్నట్టున్న గీత, దగ్గరికి వెళ్ళేసరికి దాని పక్కనుంచి పోతోంది. చాలా పక్కనుంచి. కాలువంతా తెరమీద పట్టేలా చిన్నదిగా పెట్టుకుని గీస్తే, తెరమీద చుక్కంత తేడా నేలమీద మనిషంత తేడా అవుతుంది.

"మళ్ళీ చెయ్యండి. మొదట్నుంచి" అన్నాడు గుడివాడాయన. GT కొట్టి పూర్తిగా నడిపించాను. చదరం తిరిగి వెలిగింది. మళ్ళీ GT కొట్టి మధ్యలో ఎస్కేప్ నొక్కాను. పోయింది. ఆయన నన్ను లేపి తనే కూర్చుని చేశాడు. అదే జరిగింది. ఇంజినీరుగారు కూడా వచ్చి తన వేలితో ఎస్కేప్ నొక్కి చూశారు.

సంగతి ఇది. గట్లు గీసేటప్పుడు స్నాప్ అడ్డం పడకుండా ఆ కమాండు ముందు స్నాపుని ఆపుతుంది, పని అయ్యాక తిరిగి పెడుతుంది. మధ్యలో ఎస్కేప్ నొక్కితే "పని అయ్యాక" అన్నది రాదు. స్నాప్ ఆగిపోయే ఉంటుంది. తరువాత ఎప్పుడో GT మొత్తం నడిస్తే దానంతటదే తిరిగొచ్చేస్తుంది. అందుకే తప్పు అక్కడక్కడే పడింది, ఎవరికీ దొరకలేదు. నా చూపంతా పక్కనున్న కొలతల మీదుండేది. పసుపు చదరం వస్తుందన్న ధీమాలో అది వచ్చిందో లేదో చూడడం మానేశాను.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అందరివైపూ తిరిగాను. ఇంజినీరుగారి మొహం తేలికపడింది. పెద్దాయన మొహం మాత్రం మారలేదు.

"మిషనుదే తప్పు అంటారు. సరే. మరి ఆ మిషను మీ బావ పక్కకే ఎందుకు లాభం చేసిందయ్యా? దానికీ ఆయన బావేనా?"

ఎవరూ నవ్వలేదు. ఇంజినీరుగారే, "కాలువ మొత్తం పోల్చి చూద్దాం. ఈ ఒక్కచోటే అయితే మీ అనుమానం నిలబెట్టుకోండి" అన్నారు.

గుడివాడాయనా నేనూ పక్కపక్కన కూర్చుని మొత్తం పోల్చాం. పాత ప్లాను మీద సర్వే గుర్తుల్ని పెట్టి, గీత పక్కకి పోయిన చోటల్లా చుట్టూ సున్నా చుట్టాం. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ కాలువ వెడల్పు తరచు మారుతుంది, నేను కమాండుని మధ్యలో ఆపిందీ అక్కడే ఎక్కువ, సున్నాలూ అక్కడే పెరిగాయి. కొన్ని ఎడమకి, కొన్ని కుడికి. ఆ కుడికి పోయినవాటిలో ఒకటి చూసి దాన్ని ఇంకా పెద్దదిగా చేశాను. మా బావకి అదే గట్టున కిందివైపు ఇంకో పొలం చెక్క ఉంది, కౌలుకిచ్చి ఆయన అటు వెళ్ళడమే మానేశాడు. అక్కడ కాలువ ఆయన చేలోకి వెళ్ళిపోయింది. పైన మిగిలినదానికన్నా కింద పోయిందే ఎక్కువ.

పెద్దాయనకి చూపించాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఇది మీ బావకి తెలుసా?" అన్నాడు.

"తెలియదండీ."

"నేను చెప్తాలే" అన్నాడు. ఆ రోజు మొత్తంమీద ఆయన మొహంలో కాస్త వెలుగు కనబడింది అప్పుడే.

వాళ్ళు వెళ్ళాక ఇంజినీరుగారు గుడివాడాయన్ని అడిగారు. "ఇలా అవుతుందని నీకు తెలుసా?"

"మధ్యలో ఎస్కేప్ నొక్కద్దని మొదటిరోజే చెప్పానండీ. గురువుగారికి కూడా చెప్పాను."

"నాకు చెప్పలేదు" అన్నాను.

"చెప్పానండీ. మీరు ఫోనులో ఉన్నారు."

"ఫోనులో ఉన్నవాడికి చెప్తే చెప్పినట్టా?"

అక్కడితో ఆగింది. ఆయన చెప్పలేదని నేను ఈరోజుకీ అనుకుంటాను. చెప్పానని ఆయన ఈరోజుకీ అనుకుంటూ ఉంటాడు. తెలిసి, తన కమాండుకి పేరు పోతుందని ఊరుకున్నాడా, లేక నాతోపాటు ఆయనకీ అప్పుడే తెలిసిందా? బస్టాండులో "నా కమాండులోనే తప్పుందని అంటాను" అన్నప్పుడు ఆయన మనసులో ఏముంది? అడగడానికి నోరు రాలేదు. అడిగినా ఆయన చెప్పే జవాబుని నమ్మే స్థితిలో నేను లేను. ఆ మధ్యాహ్నమే కూర్చుని కమాండుని బాగుచేశాడు. ఎవరు మధ్యలో ఆపినా స్నాప్ తిరిగొచ్చేలా కొన్ని లైన్లు చేర్చాడు. అంతే. మా ఇద్దరినీ ఒకరికొకరు కాకుండా చేసింది ఆ కొన్ని లైన్లు లేకపోవడమే.

రాళ్ళు మార్చే రోజున నేనూ వెళ్ళాను. ఇంజినీరుగారు రావద్దన్నా వెళ్ళాను. ఎడమగట్టు మీద పెద్దాయన, కుడిగట్టు మీద మా బావ, కాలువలో నడుములోతు బురదలో సర్వేవాళ్ళు. టేపు లాగి కొలిచినప్పుడల్లా రెండుగట్లవాళ్ళూ వంగి చూశారు. పెద్దాయన చేలోంచి రాయి పీకి వెనక్కి పాతారు. కుడివైపు రాయి మా బావ చేలోకి వచ్చింది. ఆయన పళ్ళు కొరుక్కున్నాడు. తరువాత కింది చెక్క దగ్గరికి వెళ్ళి, అక్కడ ఆయనకి పోయింది ఆయనకి తిరిగిచ్చారు. ఇంత జరిగాక బావ నా దగ్గరికి వచ్చి, "ఊరందరూ నాకు లాభం చేశావని తిడుతుంటే పోన్లే అని పడ్డాను. తీరా చూస్తే నష్టం చేశావా?" అన్నాడు.

"ఇప్పుడు సరిచేశాంగా బావా."

"వాళ్ళొచ్చి అడగబట్టి సరిచేశారు. లేకపోతే?"

ఆయన రెండేళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అక్కకి మాత్రం పక్కింటావిడతో మాటలు కలిశాయి. ఇద్దరూ కలిసి నన్నే తిట్టుకునేవారని తరువాత తెలిసింది.

ఆఫీసులో పైకి అంతా మామూలైంది. దివిసీమ ఫైళ్ళకి పాస్‌వర్డు తీసేశారు. ఇంజినీరుగారు ఒకరోజు టీ తాగుతూ, "మనసులో పెట్టుకోకు" అన్నారు. క్షమించమని అడగడం ఆయనకి చేతకాదు, అది ఆయన పద్ధతి. వరండాలో నేను వస్తే మాటలు ఆగడం మానేశాయి. కాని ఒకసారి ఆ నిశ్శబ్దాన్ని విన్న చెవి దాన్ని మర్చిపోదు. ఎవరైనా గొంతు తగ్గిస్తే నా పేరు వినబడినట్టుండేది. గుడివాడాయన పచ్చడి డబ్బా మళ్ళీ నా ముందుకి రాలేదు. నేనూ చెయ్యి చాపలేదు. ఏడాది తిరక్కుండానే ఆయన హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు కరచాలనం చేసుకున్నాం. "ఉంటానండీ" అన్నాడు. "గురువుగారూ" అనలేదు. ఆయన చేసిన కమాండులు మాత్రం నేను రిటైరయ్యేదాకా వాడాను. మంచి కమాండులు.

పిల్లలూ, మీకు ఒక్కటే చెప్తాను. ఎవరో చేసిపెట్టిన కమాండుని వాడండి, తప్పులేదు. కాని అది మీ దగ్గర ఏది ఆపుతుందో, ఆపినదాన్ని మళ్ళీ పెడుతుందో లేదో ఒకసారి చూసుకోండి. మనిషిని అనుమానించేముందు ఆ పని చెయ్యండి. నేను తిరగేసి చేశాను. మనిషిని అనుమానించడం తేలిక. దానికి ఏ కమాండూ అక్కర్లేదు.

ఆ గొడవ సద్దుమణిగిన కొన్నేళ్ళకి ఒక పొద్దున ఎడమగట్టు పెద్దాయన మళ్ళీ మా మెట్లెక్కి వచ్చాడు. బాగా పెద్దవాడైపోయాడు. కర్ర వచ్చింది, వెంట తమ్ముడు వచ్చాడు. అన్నదమ్ములు పొలం పంచుకుంటున్నారు, ప్లాను గీయాలి. ఇంజినీరుగారు అప్పటికి కొత్తగా చేరిన ఇద్దర్ని చూపించి, వీళ్ళు చాలా వేగంగా చేస్తారని చెప్పారు.

పెద్దాయన గది చివర్న ఉన్న నావైపు కర్ర చూపించాడు. "ఆయన చేత గీయించండి."

ఇంజినీరుగారికి ముచ్చటేసింది. "అంత జరిగినా నామీద నమ్మకం ఉంచారు, చాలండీ" అన్నాను.

"నమ్మకం ఏమీ లేదయ్యా" అన్నాడాయన, కర్ర గోడకి ఆనించి కుర్చీ ఒకటి నా వెనక్కి లాక్కుంటూ. "నేను వెనకాల కూర్చుని చూస్తే నువ్వు ఏమీ అనుకోవు, అందుకని." తమ్ముడికి రెండో కుర్చీ చూపించాడు. "నువ్వు ఆ పక్కన కూర్చో. కళ్ళు రెండూ తెరమీదే పెట్టకు, మనిషి చేతి మీదా ఓ కన్నెయ్యి."